సందు

కూల్చేముందు కొలవడం నా పని.
ఇనుప టేపు ఆ కొస ఇమోజెన్ పట్టుకుంది, ఈ కొస నేను.
ఒకప్పుడు ట్రాము ఆఖరి స్టాపు ఉన్న చోట,
బర్మింగ్‌హామ్ ఇంకా ఊరు కావాలా వద్దా అని
తటపటాయించే చోట
‘ది లాప్‌వింగ్’.
లాప్‌వింగ్ అంటే తీతువు.
అది కూస్తే మా అమ్మమ్మ ఆ పూట గడప దాటేది కాదు.
ఇక్కడివాళ్ళు దాని బొమ్మ రేకు మీద వేయించి
ఎనభై ఏళ్ళు దాని కిందనుంచే లోపలికి నడిచారు.

ముప్పై ఆరులో కట్టారు.
బీరు కంపెనీ జీతగాడు కత్‌బర్ట్ ఆన్స్‌లీ గీసిన నక్షా:
మెలితిప్పిన పొగగొట్టాలు నాలుగు,
రెండింటి కింద పొయ్యే లేదు.
సీసపు పట్టీల్లో పొదిగిన అద్దాలు,
గోడల నిండా నల్లటి దూలాలు.
ఇమోజెన్ గోటితో గీకింది.
దూలం కాదు, అంగుళం చెక్క,
మేకులతో కొట్టిన నాలుగు వందల ఏళ్ళు.
“అబద్ధం” అంది.
అబద్ధమే. కానీ ఆ అబద్ధానికి
ఎవరో వడ్రంగి బాడిసతో మూలమూలా వయసు చెక్కాడు.

పబ్లిక్ బార్‌లో ఉత్త బల్లలు, నేలకి ఎర్ర పలకలు.
స్మోక్ రూములో తివాచీ, తోలు సోఫా,
అదే పీపా, అదే బీరు, గ్లాసుకి ఒక పెన్నీ ఎక్కువ.
ఆడవాళ్ళ గది కిటికీ వీధికి కాదు, వెనక పచ్చికకి.
నాన్న కోసం పిల్లలు జగ్గు తెచ్చే చిన్న కిటికీ ఒకటి,
దాని గట్టు నా నడుం దాకా.
ఇంగ్లండంతా ఒకే కప్పు కింద,
ఎవరి తలుపు వాళ్ళది.

నలభైలో పక్క వీధిలో బాంబు పడి తూర్పు అద్దాలు రాలాయి.
మళ్ళీ వేసినవి కాస్త పచ్చగా వచ్చాయి.
ఆ వైపు కూర్చున్నవాళ్ళు ఆఖరిదాకా
కామెర్లు వచ్చినట్టే కనిపించేవారట.

లెక్క అక్కడికి కొంచెం ఇవతల తప్పింది.
బయటి కొలతలోంచి గదులూ గోడలూ తీసేస్తే
ఇంకా రెండడుగుల ఏడంగుళాలు మిగులుతోంది.
మళ్ళీ కొలిచాం. గోడ తట్టాం. డొల్ల.

ఆఖరి యజమాని గుర్మేజ్ పురేవాల్,
ఫౌండ్రీ మూతపడ్డాక పబ్బు కొని, తందూరు పెట్టి,
ఆన్స్‌లీ ఉత్తుత్తి పొగగొట్టానికి
మొదటిసారి పొగ రుచి చూపించినవాడు,
అల్మారా పక్కకి జరిపాడు.
పీపాల గదికి పనివాళ్ళు పోయే సందు.

యాభై ఎనిమిదిలో
బార్బడోస్‌నుంచి వచ్చిన బస్సు కండక్టరు లిన్‌వాల్ కడోగన్
డ్యూటీ దిగి స్మోక్ రూము తలుపు తోస్తే
లోపల మాటలు ఆగిపోయాయి.
రెండో తలుపు తోస్తే అక్కడా ఆగిపోయాయి.
విన్నిఫ్రెడ్ హాక్స్‌లీ, అప్పటి యజమానురాలు,
పొమ్మనలేదు, కూర్చోమనలేదు.
సందు తలుపు తెరిచింది.
రెండు చలికాలాలు అతను అక్కడే
రెండు గదుల నవ్వులూ వింటూ నిలబడి తాగాడు.
గట్టు మీద గ్లాసు అడుగుల ముద్రలు,
ఒకదానిలో ఒకటి చిక్కుకున్న వలయాలు.
లెక్కపెట్టబోయి మానేశాను.
దయో అవమానమో చూపించడానికి నక్షాలో గుర్తు లేదు.
0.79 మీ. అని రాశాను.

మూడో ఏడు తన పెన్నీ తను కట్టి తోలు సోఫాలో కూర్చున్నాడట.
పక్కవాడు లేచిపోయాడు.
సోఫా లేచిపోలేదు.

దాన్ని కాపాడాలా అని కౌన్సిల్ మంగళవారం మాట్లాడాలి.
శనివారం తెల్లవారకముందే యంత్రం వచ్చింది.
నైటు బట్టల మీద కోట్లు తొడుక్కుని జనం.
తీతువు రేకుని గుర్మేజ్ ముందే వ్యాన్‌లో వేసుకున్నాడు.
తొంభైకి దగ్గరపడ్డ లిన్‌వాల్
మడత కుర్చీ తెచ్చుకున్నాడు.

పొగగొట్టాలు ముందు పోయాయి.
ఉత్తుత్తి దూలాలు మేకుల్లోంచి ఊడేటప్పుడు
నిజం ఓక్‌లాగే అరిచాయి.
పచ్చటి అద్దాలూ, అసలు అద్దాలూ
కిందపడ్డాక ఒకే రంగు.
ఇటు గది పోయింది, అటు గది పోయింది,
మధ్యలో సందు మిగిలింది.
కప్పు లేని రెండు గోడలు,
గట్టు మీద మొదటిసారి ఎండ.

లిన్‌వాల్ చాలాసేపు చూశాడు.
“ఇంత ఇరుకా?” అన్నాడు.
“అప్పుడు పట్టేవాణ్ణే.”

డ్రైవరు దిగి ఫ్లాస్కు మూత తిప్పాడు.
ఆ టీ అయ్యేదాకా అది నిలబడింది.